గేటు గుండా రాని పిల్ల

మత్స్యశాఖలో పన్నెండేళ్లుగా చేపపిల్లల లెక్కలు రాస్తున్న నన్ను ఒక మంగళవారం పిలిచి, ఇక మనుషుల లెక్కలు రాయాలన్నారు. పని కొత్తదేమీ కాదనీ, చెరువులో వదిలినవెన్ని, పట్టినవెన్ని అని రాసినట్టే వచ్చినవాళ్లెందరు, పోయినవాళ్లెందరు అని రాస్తే చాలనీ మా సూపరింటెండెంటు ధైర్యం చెప్పాడు. చేపలకంటే మనుషులే నయం, నిలబడి పేరు చెబుతారన్నాడు.

ఆ విధంగా బెవర కూర్మారావు అనే నేను గుమ్మడివలస మార్కెట్ యార్డులో చేరాను.

ఆ ఏడు జోడుమెట్టల కొండల మీద గొడవలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారన్న విషయంలో రెండు పక్షాలకూ రెండు అభిప్రాయాలున్నాయి. ఇళ్లు తగలబడ్డాయన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. మగవాళ్లను విచారణ పేరుతో మరో చోటికి తీసుకుపోయారు. ఆడవాళ్లనూ పిల్లలనూ లారీల్లో తెచ్చి, మా యార్డులో ధాన్యం పోసుకునే రేకుల షెడ్లలో దింపారు. చుట్టూ రెండు వరసల ముళ్లకంచె, ఒకే ఒక్క గేటు, గేటు దగ్గర నా బల్ల.

దాన్ని శిబిరం అనకూడదని మొదటి రోజే ఉత్తర్వు వచ్చింది. శిబిరమంటే యుద్ధం జరిగిందనుకుంటారట. 'తాత్కాలిక ఆత్మీయ సంరక్షణ కేంద్రం' అనాలి. లోపలున్నవాళ్లు అతిథులు. ముళ్లకంచె పేరు రక్షణ హారం. అతిథులు హారం దాటబోతే ఏం చెయ్యాలని హెడ్ కానిస్టేబుల్ తవుడు రాతపూర్వకంగా అడిగితే, అతిథులను కొట్టుట మర్యాద కాదనీ, నమస్కరించి వెనక్కి నెట్టవలెననీ జవాబు వచ్చింది. తవుడు కర్రను చంకలో పెట్టుకుని నమస్కారం పెట్టడం రెండు రోజులు సాధన చేశాడు.

కేంద్రానికి ప్రత్యేకాధికారి నీలాద్రిరావు గారు. అంతకుముందు ఆయన పాత దస్త్రాల గదికి అధిపతి. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయన సంతకం చేసిన కాగితం ఒక్కటి కూడా తప్పని తిరిగి రాలేదు. ఆయన చాలా తక్కువ కాగితాల మీద సంతకం చేశారు. మనిషి చెడ్డవాడు కాదు. తప్పు జరుగుతుందేమోనన్న భయం తప్ప ఆయనకు వేరే దుర్గుణం లేదు. కేంద్రానికి నియమావళి ఆయనే రాశారు. అందులో ఏడో నియమమంటే ఆయనకు సొంత బిడ్డంత ముద్దు.

'కేంద్రమున ప్రవేశించిన ప్రతి వ్యక్తియు, ప్రవేశించిన క్రమసంఖ్యతోనే, ప్రవేశించిన గేటు గుండానే నిష్క్రమించవలెను. ప్రవేశము లేనిదే నిష్క్రమణ లేదు.'

"ఇంతకంటె స్పష్టముగా బ్రహ్మదేవుడును రాయలేడు, కూర్మారావ్" అన్నారాయన.

రిజిస్టరులో రెండే గడులు, రాక, పోక. వచ్చినవాళ్లు నూట నలభై ముగ్గురు. జనవరి చలికి ఒక ముసలామె షెడ్డులోనే కన్నుమూసింది. శవాన్ని గేటు గుండానే తీసుకువెళ్లారు కాబట్టి ఆమె పోక గడిలో టిక్కు పెట్టమన్నారు. పెట్టాను. నియమావళి ఎక్కడా తడబడలేదు.

తడబడింది మార్చిలో.

అరవై ఒకటో నంబరు గెమ్మిలి చిలకమ్మ. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. లారీ దిగినప్పుడే అయిదో నెల. వెంట ఆమె అత్త దాలమ్మ ఉంది, అరవై రెండో నంబరు. నేను పేరడిగితే పేరుతోబాటు ఊరు, ఊరి పక్క వాగు, వాగు ఒడ్డున పోయిన ఆవు సంగతి కూడా చెప్పిన మనిషి. మార్చి నెలాఖరున అకాలంగా వాన కురిసిన మధ్యాహ్నం మూడో షెడ్డులో చిలకమ్మకు ఆడపిల్ల పుట్టింది. కేంద్రంలో నర్సు ఏసుమణి ఒక చీర అడ్డం కట్టి పురుడు పోసింది. వానలో పుట్టింది కదా అని దాలమ్మ మనవరాలిని వానాలు అని పిలిచింది.

ఏసుమణి తడి చేతులతోనే నా బల్ల దగ్గరికొచ్చింది. "కూర్మారావు గారూ, రాసుకోండి. ఆడపిల్ల. రెండున్నర కిలోలు."

ఏ గడిలో రాయాలో తెలియక నీలాద్రిరావు గారి గదికి వెళ్లాను.

"సార్, ఒక అతిథి పెరిగింది."

"కొత్త రాకలు లేవే! లారీ ఏదియు రాలేదు కదా?"

"లారీలో రాలేదు సార్. పుట్టింది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పుట్టుట వేరు, వచ్చుట వేరు. మన రిజిస్టరులో పుట్టుక గడి లేదు. లేని గడిలో రాయుట ఎట్లు? గేటు గుండా వచ్చినదా?"

"లేదు సార్."

"అయినచో రాలేదు."

దాంతో వానాలు రాలేదు. రాని పిల్లకు పాలపొడి లేదు, దుప్పటి లేదు. తల్లి పాలున్నాయి కాబట్టి ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పెరిగింది. నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు. చెరువులో లెక్కకు రాని చేపలు చాలా ఉంటాయి.

మే నెలాఖరుకు కొండల్లో పరిస్థితి సాధారణమైందని ప్రకటించారు. మగవాళ్లను అప్పటికే వదిలేశారు. చిలకమ్మ మొగుడు మంగులు నెల రోజులుగా ప్రతి ఉదయం కంచె అవతల వచ్చి నిలబడేవాడు. రెండు వరసల కంచె మధ్య ఆరడుగుల జాగా. చిలకమ్మ పిల్లను ఎత్తి చూపించేది. అతను చూసేవాడు. మధ్యాహ్నందాకా చూసి కూలికి పోయేవాడు.

'ఆత్మీయ వీడ్కోలు' అనే పేరుతో అందరినీ పంపే రోజు వచ్చింది. పేరు పిలవడం, టిక్కు పెట్టడం, చేతికో కాగితం ఇవ్వడం. ఆ కాగితం ఉన్నవాళ్లు ఇక అతిథులు కారు, మామూలు మనుషులు. తొలకరి దగ్గర పడింది. ఎప్పుడెప్పుడు కొండెక్కి విత్తనాలు చల్లుకుందామా అని ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడ్డారు.

"అరవై ఒకటి, గెమ్మిలి చిలకమ్మ."

టిక్కు పెట్టాను. ఆమె గేటులో అడుగు పెట్టింది. అప్పుడే కొంగు చాటునుంచి వానాలు చెయ్యి బయటికి పెట్టి, పక్కనే కుర్చీలో ఉన్న నీలాద్రిరావు గారి కళ్లజోడు లాగింది.

"ఆగుము!" అన్నారాయన. "ఇదెవరు?"

"నా గుంట బాబూ."

"క్రమసంఖ్య?"

చిలకమ్మ నావైపు చూసింది. నేను రిజిస్టరు వైపు చూశాను. నీలాద్రిరావు గారు ఏడో నియమం పైకి చదివి, ఎంతో సౌమ్యంగా వివరించారు. "చూడమ్మా, నీవు వచ్చినావు, పోవుచున్నావు. సంతోషము. ఈ శిశువు రాలేదు. రాని మనిషి పోవుట సృష్టి విరుద్ధము. నూట నలభై మూడు వచ్చి నూట నలభై నాలుగు పోయినచో, ఆ ఒక్కరు ఎక్కడినుండి పోయిరని పైవారు నన్నడుగుదురు. నీవు పొమ్ము. శిశువు సంగతి పైకి రాసి తెప్పించెదము."

"పిల్లనొగ్గీసి ఎల్లమంతావేటి బాబూ?" అంది చిలకమ్మ.

"తాత్కాలికముగా."

"రెండు నెల్ల గుంట. పాలెవులిస్తారు, నువ్విస్తావా?"

నీలాద్రిరావు గారు ఆ ప్రశ్నను నోట్ చేసుకోమన్నారు. నేను రాశాను. చిలకమ్మ బయట పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, పిల్లతో మూడో షెడ్డుకు నడిచిపోయింది. ఆమె పేరు పక్కన టిక్కు ఎండిపోయింది. కొట్టివేతలు నిషేధం. సాయంత్రానికి మిగతా అందరూ వెళ్లిపోయారు. దాలమ్మ మాత్రం కొండెక్కలేదు. కొడుకుతో కలిసి గేటు ఎదుట టీ కొట్టు అరుగు మీద మూట దించింది.

రిజిస్టరు ప్రకారం లోపల ఎవరూ లేరు. అయినా ఏడుపు వినిపిస్తోంది.

మర్నాడు నేనొక ఉపాయం చెప్పాను. "సార్, పిల్లని ఒక్కసారి గేటు బయటికి తీసుకెళ్లి మళ్లీ లోపలికి తెస్తే రాక రాయొచ్చు. ఆ వెంటనే పోక రాసి పంపించేద్దాం."

"బయటికి తీసుకువెళ్లుటయే పోక కదా? పోకకు రాక కావలెను."

"పోనీ, వస్తువుల రిజిస్టరులో రాద్దామా సార్? వస్తువు బయటికి పోవాలంటే గేటు పాసు చాలు. రాక అక్కర్లేదు."

ఆయన మొహం వెలిగింది. వస్తువుల నియమాలు తిరగేశారు. కాసేపటికి పుస్తకం మూసేశారు. "వస్తువు బయటికి పంపుటకు రెండే కారణములు. మరమ్మతుకైనచో తిరిగి తేవలెను. లేదా పనికిరానిదని ధ్రువీకరించవలెను."

పిల్ల పనికిరానిదని సంతకం చేయడానికి ఏసుమణి ఒప్పుకోలేదు. నీలాద్రిరావు గారికి కూడా మనసొప్పలేదు. చెప్పానుగా, చెడ్డవాడు కాదు.

పైకి రాశాం. పైవారు ఇలాంటి విషయంలో తొందరపడరాదని ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. ఒకరు రిటైరైన ఇంజనీరు. ఒకరు న్యాయ సలహాదారు. మూడో ఆయన ఎవరో చివరిదాకా తెలియలేదు, కానీ భోజనం దగ్గర ఆయనకే అందరికంటే ఎక్కువ గౌరవం జరిగింది. ఇంజనీరు ఒక రోజంతా టేపు పట్టుకుని కంచె కొలిచాడు. అందులో పిల్ల పట్టే సందు ఎక్కడా లేదని తేల్చాడు. తర్వాత సాక్షుల విచారణ. దాలమ్మకు కాగితం ఇచ్చేశారు కాబట్టి లోపలికి రానివ్వకూడదు. ఆమెను గేటు అవతల నిలబెట్టి, సంఘం గేటు ఇవతల కుర్చీలు వేసుకుంది.

"శిశువు కేంద్రములోనికి ఏ మార్గమున వచ్చినదో నీకు తెలియునా?" అని న్యాయ సలహాదారు అడిగాడు.

దాలమ్మ ఆయన్ని కింద నుంచి మీదికి చూసింది. "నువ్వెలగొచ్చినావు బాబూ?"

"నేనా? జీపులో వచ్చితిని."

"అంతకు ముందు?"

టీ కొట్టు దగ్గర నవ్వులు లేచాయి. సాక్షి సమాధానం అసంబద్ధమని రాసుకున్నారు. చిలకమ్మను అడిగితే, "దేవుడిచ్చినాడు" అంది. దేవుడు ప్రవేశ అనుమతి తీసుకున్నట్టు ఆధారాలు లేవని రాసుకున్నారు.

వారానికి నివేదిక వచ్చింది. నలభై పేజీలు. కంచెలో సందు లేదు, గేటులో నమోదు లేదు, అయినా ఒక వ్యక్తి లోపల ఉన్న మాట వాస్తవం. కాబట్టి ఇది చొరబాటు. చొరబాటుదారు వివరాలు ఒక పట్టికలో ఇచ్చారు. ఎత్తు ఇరవై మూడు అంగుళాలు. దంతములు లేవు. ఆయుధములు లేవు. భాష తెలియరాలేదు. తరచుగా ఆందోళన చేయు స్వభావము. ఒక వ్యక్తి ఇంత సులభంగా చొరబడగలిగినప్పుడు రేపు మరెవరైనా చొరబడవచ్చునన్న ముందుచూపుతో కాపలా ఆరుగురి నుంచి పన్నెండుగురికి పెంచారు. ఇకమీదట కేంద్రంలోకి ఎవరినీ, ఏ కారణం మీదా అనుమతించరాదని రాక గడినే మూసేశారు. నేను ఎర్ర సిరాతో అడ్డంగా రెండు గీతలు గీశాను.

పిల్లకు నోటీసు జారీ అయింది. అనుమతి లేక ప్రవేశించినందుకు తగు చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను. అందించడానికి నన్నే పంపారు. చిలకమ్మ షెడ్డు గుమ్మంలో కూర్చుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది.

"ఏటి బాబూ అది?"

"పాపకి కాగితం వచ్చింది."

"ఎల్లమనా?" ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

నేను చదివి వినిపించలేకపోయాను. కాగితం పిల్ల చేతికి తగిలించాను. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుని ముద్రదాకా చప్పరించింది. చిలకమ్మకు చదువు రాదు, కానీ నా మొహం చదివేసింది. "సరేలే బాబూ" అంది. "నువ్వేటి సేస్తావు?"

ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువ బాధించింది. నోటీసును నోట పెట్టుకున్నందున అందినట్లు భావించడమైనది అని ఫైలులో రాశాను.

ఈ లోగా జూన్ వచ్చింది. ఒక మనిషి లోపల ఉన్నంతకాలం కేంద్రం మూయకూడదు కాబట్టి పంతొమ్మిది మంది సిబ్బందికీ గడువు పొడిగించారు. ఒక్కో శిశువుకు పంతొమ్మిది మంది సిబ్బంది ఉన్న కేంద్రం దేశంలో ఎక్కడా లేదని ఒక పత్రికలో మెచ్చుకుంటూ రాశారు. చిలకమ్మ వెళ్లిపోయినట్టు టిక్కు పడింది కాబట్టి ఆమెకు కేంద్రంలో భోజనం లేదు. దాలమ్మ టీ కొట్టులో గంటి అంబలి కాచి తవుడి క్యారేజీలో పోసేది. తవుడు ఆ క్యారేజీ లోపలికి తెచ్చి, అది తన భోజనమేనని నాకు చెప్పి, మూడో షెడ్డులో మరచిపోయి వచ్చేవాడు. రోజూ మరచిపోయేవాడు.

రెండో వారంలో వాన పట్టుకుంది. షెడ్డు రేకులు కారాయి. నాలుగో రోజు ఉదయం ఏసుమణి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"సార్, పాపకి నూట మూడు జ్వరం. డొక్కలెగరేస్తోంది. పాలు పట్టడం లేదు. నా దగ్గర మందులు లేవు, వీడ్కోలు రోజునే మూసివేత అని మందుల పెట్టె పట్టుకుపోయారు. ఆస్పత్రి ఆ మలుపులోనే ఉంది సార్, ఫర్లాంగు లేదు. ఒక్క గంట వదలండి."

నీలాద్రిరావు గారు లేచి నిలబడ్డారు. "వైద్యుణ్ణి ఇచ్చటికే పిలిపింపుము."

"రాక మూసేశాం సార్" అన్నాను.

ఆయన ఫోను తీశారు. పైవాళ్లతో మాట్లాడారు. విషయం ఫైలులో పెట్టి పంపమన్నారు. ఇంకా పైవాళ్లతో మాట్లాడారు. విచారణ సంఘం నివేదిక పరిశీలనలో ఉండగా చొరబాటుదారును తరలించరాదన్నారు. ఆయన రిసీవరు పెట్టేశారు. తర్వాత మొదటిసారిగా మామూలు భాషలో మాట్లాడారు.

"బతుకుతుందంటావా, కూర్మారావ్?"

"తెలియదు సార్."

"బతక్కపోయినా పంపలేం. రాక లేదు కదా."

ఆ మాట అన్నాక ఆయన నియమావళి తీసి ఏడో నియమం మళ్లీ చదివారు. పైకి కాదు, లోలోపలే. చివరిదాకా చదివి మళ్లీ మొదటికొచ్చారు. ఎక్కడో ఒక కామా అయినా తప్పు పడి ఉంటుందని వెతుకుతున్నట్టుంది. దొరకలేదు. చాలా జాగ్రత్తగా రాసిన నియమం.

ఏసుమణి ఇక ఆయన్ని అడగలేదు. కంచె దగ్గరికి వెళ్లి అవతలున్న మంగులుకు గట్టిగా చెప్పింది, కాపలావాళ్లందరూ వినేటట్టు. "నీ పిల్లకి ఒంట్లో బాగులేదు. రేపు సాయంత్రం దాకా కూడా ఆగదు. వీళ్లు పంపరు."

మంగులు ఒకసారి తల్లి వైపు చూశాడు. దాలమ్మ, "నాను ఈడుంతాను. నువ్వెల్లు" అంది. అతను వానలోనే కొండదారి పట్టి పరిగెత్తాడు.

మర్నాడు తెల్లవారి వాన తెరిపిచ్చింది. నేను బల్ల తుడుచుకుంటుండగా రోడ్డు మీద ఆడవాళ్లు కనిపించారు. పదిమంది, ఇరవైమంది అనుకున్నాను. మలుపు తిరిగేకొద్దీ వస్తూనే ఉన్నారు. అందరూ నా రిజిస్టరులో ఉన్నవాళ్లే. పదిహేడో నంబరు, ముప్పై నాలుగో నంబరు, గాజులు కావాలని రోజూ నన్ను సతాయించిన తొంభయ్యో నంబరు. మోకాళ్లదాకా బురద. విత్తనాలు సగంలో వదిలేసి వచ్చారు. చేతుల్లో గునపాలు, పారలు.

నీలాద్రిరావు గారు గేటు దగ్గరికి వచ్చారు. "మీరందరు సాగనంపబడినవారు. పునఃప్రవేశము లేదు."

"మాం లోపలికి రాం బాబూ" అంది దాలమ్మ.

ఆమె కంచె తొలి రాటను ఒకసారి చేత్తో కదిపి చూసింది. వానకు నేల మెత్తబడి ఉంది. పక్కనున్న ఆమె దగ్గర గునపం తీసుకుని రాట మొదట్లో ఒక్క పోటు పొడిచింది. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. దుంపలు తవ్వే చేతులు. నలుగురు తవ్వుతున్నారు, ఇద్దరు రాట పీకుతున్నారు, మరో ఇద్దరు చేతులకు గోనె ముక్కలు చుట్టుకుని ముళ్లతీగను చుట్ట చుడుతున్నారు.

"తవుడూ! ఆపుము వారిని!"

తవుడు కర్ర చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "ఏ ఉత్తర్వు ప్రకారం సార్? లోపలివాళ్లు బయటికి పోకుండా చూడమన్నారు. బయటివాళ్లు లోపలికి రాకుండా చూడమన్నారు. ఈళ్లు పోడం లేదు, రాడం లేదు."

"హారము తీయుచున్నారయ్యా!"

"దాని గురించి ఉత్తర్వు లేదు సార్. తమరు రాసిస్తే ఇప్పుడే ఆపుతాను."

నీలాద్రిరావు గారు కలం తీశారు. ఏ నియమం కింద రాయాలో ఆలోచించారు. ఆయన ఆలోచన పూర్తయ్యేసరికి దక్షిణం పక్క కంచె లేదు. మరి కాసేపటికి మిగతా మూడు పక్కలా కూడా లేదు. రాటలన్నీ టీ కొట్టు గోడ వారగా వరసగా పేర్చి ఉన్నాయి. పన్నెండుగురు కాపలావాళ్లూ ఖాళీ జాగాకు కాపలా కాస్తున్నారు. ఒక కుక్క రోడ్డు మీద నుంచి వచ్చి, షెడ్ల మధ్యనుంచి నడిచి, అవతలి పొలంలోకి వెళ్లింది. దాని రాక, పోక నేను రాయలేదు.

మిగిలింది గేటు. రెండు సిమెంటు స్తంభాల మధ్య, తాళం వేసి, ఒంటరిగా నిలబడి ఉంది.

చిలకమ్మ పిల్లను పాతచీరలో చుట్టుకుని షెడ్డు బయటికి వచ్చింది. రాత్రంతా మేలుకున్న కళ్లు. పిల్ల ఏడవడం కూడా మానేసింది. ఆమె నీలాద్రిరావు గారి ఎదురుగా ఆగింది.

"బాబూ, ఇప్పుడు నాను లోపలున్నానా, బయటున్నానా?"

ఆయన ఆమె కాళ్ల కింద నేలను చూశారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. చివరికి చాలా చిన్న గొంతుతో, "గేటు వైపు మాత్రం వెళ్లకమ్మా" అన్నారు.

ఆమె గేటు వైపు వెళ్లలేదు. గేటుకు పది బారల ఎడంగా నడిచి రోడ్డెక్కింది. అక్కడ మంగులు నిలబడి ఉన్నాడు. పిల్లను అతని చేతుల్లో పెట్టింది. అతనికి ఎత్తుకోవడం రాలేదు, చేతులు కర్రల్లా చాపేశాడు. "తల కింద సెయ్యెట్టు" అని దాలమ్మ కసిరింది. ఏసుమణి ముందు, వాళ్లు వెనక, ఫర్లాంగు దూరం పరిగెత్తారు.

ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు ఆస్పత్రిలో. ఇంకొక పూట ఆగి ఉంటే చెప్పలేం అన్నారు. అక్కడ కాన్పు గదికి ఎదురుగా ఉన్న వార్డులో మంచం ఇచ్చారు. ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అని ఎవరూ అడగలేదట. మూడో రోజుకు వానాలు పాలు తాగింది.

ఇక్కడ మాకు మాత్రం ఊపిరాడలేదు. జరిగింది పైకి నివేదించాలి. నీలాద్రిరావు గారు నన్ను కూర్చోబెట్టి, "ఆ దినమున గేటు గుండా ఎవరెవరు రాకపోకలు జరిపిరో నిజము రాయుము" అన్నారు. నేను నిజమే రాశాను. 'ఈ దినమున గేటు గుండా ఎవరూ రాలేదు. ఎవరూ పోలేదు.'

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. మూడోసారి చదివేటప్పుడు ఆయన మొహంలో ముప్పయ్యేళ్లుగా లేని వెలుగు కనిపించింది. నివేదిక చివరి వాక్యం ఆయనే సొంత దస్తూరీతో రాశారు. 'కావున ఏడవ నియమమునకు ఎట్టి భంగమును కలుగలేదు. శిశువు కేంద్రమును విడిచిపోలేదు. కేంద్రమే శిశువును విడిచిపోయినది.'

పైనుంచి జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. అంత త్వరగా జవాబు రావడం నేను చూడలేదు. సమస్యను నియమబద్ధంగా పరిష్కరించినందుకు అభినందనలు. నీలాద్రిరావు గారికి పెద్ద కేంద్రం ఒకటి అప్పగించారు. వెళ్లేముందు ఆయన నా భుజం తట్టారు. "పాప ఎలా ఉందిట?" అని అడిగి, జవాబు వినకుండానే జీపెక్కారు. కాపలావాళ్లు వెళ్లారు. ఏసుమణి వెళ్లింది. తవుడు ఎవరూ లేనప్పుడు గేటుకు ఒక నమస్కారం పెట్టి వెళ్లాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాళ్లు ఆస్పత్రినుంచి వచ్చి, యార్డు మీదుగా కొండదారి పట్టారు. పిల్ల మంగులు భుజం మీద నిద్రపోతోంది. ఇప్పుడతనికి ఎత్తుకోవడం బాగానే వచ్చింది. చిలకమ్మ నన్ను చూసి తల ఊపింది. దాలమ్మ ఆగింది. ఖాళీ యార్డులో, గేటు పక్కన, బల్ల ముందు రిజిస్టరు మూసుకుని నేనొక్కడినే కూర్చుని ఉన్నాను.

"అందరూ ఎలిపోనారు కదేటి బాబూ. నువ్వింకా ఈడ కూకున్నావేటి?"

"నన్ను వదిలినట్టు ఉత్తర్వు రావాలమ్మా. అది మా ప్రత్యేకాధికారి సంతకం చెయ్యాలి. ఆయన వెళ్లిపోయారు. కేంద్రం మూసేశారు కాబట్టి కొత్తాయన రారు."

"మరైతే?"

"పైకి రాశాను."

దాలమ్మ మూట దించి, విప్పి, ఆకులో కట్టిన రెండు ఉడికిన చిలకడదుంపలు నా బల్ల మీద పెట్టింది.

"తిను నాయినా" అంది. "పెళ్లాం పిల్లలున్నారా?"

"ఉన్నారమ్మా."

"పాపం" అంది. మూట నెత్తినెత్తుకుని కొడుకు వెనకే వెళ్లిపోయింది.